1942 ఏప్రిల్‌లో బంగాళాఖాతాన్ని కాపాడవలసిన అడ్మిరల్: జేమ్స్ సోమర్విల్ ఉద్యోగ జీవితం

విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు బ్రిటిష్ నౌకాదళం ఎక్కడుంది, దాని అధిపతి ఎవరు, అతడు శత్రువుకు చిక్కకుండా ఓడలను తీసుకొని పారిపోయాడనే మాటలో నిజమెంత, ఆ తరువాత అతనికి శిక్ష ఏమైనా పడిందా అని మీరు అడిగారు. ఆ అధిపతి పేరు అడ్మిరల్ సర్ జేమ్స్ ఫౌన్స్ సోమర్విల్. ఆ రోజు అతని ఓడలు విశాఖకు నైరుతి దిశగా సుమారు వెయ్యి నాటికల్ మైళ్ల దూరంలో, మునిగిపోయిన రెండు క్రూయిజర్ల నావికులను సముద్రంలోంచి పైకి తీస్తున్నాయి. అతడు యుద్ధాన్ని తప్పించుకున్నమాట నిజం. అలా తప్పించుకోవడమే అతడు ఆ నెలలో చేసిన అత్యుత్తమమైన పని అని నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి కారణం చెప్పాలంటే ఏప్రిల్ 6తో మొదలుపెట్టి లాభం లేదు. ఆ మనిషి ఏ విద్యలో ఆరితేరాడో, అంతకు రెండేళ్ల ముందు ఎలాంటి ఆజ్ఞను శిరసావహించాడో తెలియాలి. నేను నౌకాదళంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి విరమించినవాణ్ణి కనుక, సోమర్విల్‌ను మొదట మా విభాగపు మనిషిగానే చూస్తాను. ఆ పక్షపాతాన్ని మీరు లెక్కలో వేసుకొని చదవండి.

సోమర్విల్ 1882 జులై 17న ఇంగ్లండులోని వేబ్రిడ్జ్‌లో పుట్టాడు. కుటుంబపు మూలాలు సోమర్సెట్ జిల్లాలోని డిండర్ అనే ఊరివి. 1897లో, పద్నాలుగేళ్ల వయసులో, బ్రిటానియా అనే శిక్షణ నౌకలో కేడెట్‌గా చేరాడు. 1904లో లెఫ్టినెంట్ అయ్యాడు. ఆనాటి బ్రిటిష్ నౌకాదళంలో పేరు రావాలంటే ఫిరంగుల శాఖలో చేరాలనేది అందరికీ తెలిసిన దారి. సోమర్విల్ ఆ దారిన పోకుండా టార్పెడో శాఖలోకి వెళ్లాడు. ఓడలోని విద్యుత్తు బాధ్యత అంతా ఆ రోజుల్లో టార్పెడో శాఖదే కాబట్టి, కొత్తగా వచ్చిన వైర్‌లెస్ కూడా దాని చేతికే చిక్కింది. మార్కోనీ పరికరాలు ఓడలెక్కి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. వాటిని ఎలా వాడాలో పెద్ద అధికారులకు తెలియదు, చిన్న అధికారులు నేర్పితే వినే ఓపికా చాలామందికి లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అతడు టర్కీ మీద జరిగిన డార్డనెల్స్ దండయాత్రలో పాల్గొన్నాడు. 1915లో గల్లిపోలి ఒడ్డున దిగిన సైన్యానికి సముద్రం మీది ఓడల ఫిరంగులే పెద్ద అండ. కొండ అవతల ఉన్న లక్ష్యం ఓడలోని ఫిరంగివాడికి కనిపించదు. ఒడ్డున ఉన్నవాడికి కనిపిస్తుంది గాని అతని దగ్గర ఫిరంగి లేదు. ఈ ఇద్దరినీ కలిపేది వైర్‌లెస్సే. ఆ ఏర్పాట్లను నడిపించినందుకు సోమర్విల్‌కు డీఎస్‌ఓ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్) పతకం వచ్చింది. 1915 చివరిరోజున కమాండర్ హోదా కూడా వచ్చింది. తరువాత ఉత్తర సముద్రంలోని గ్రాండ్ ఫ్లీట్‌లో పనిచేశాడు. అంటే మొదటి యుద్ధం ముగిసేనాటికి అతడు ప్రధానంగా ఓడలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరులో నిపుణుడు. ఫిరంగులు పేల్చి పేరు తెచ్చుకున్న వీరుడు కాడు. ఒక సందేశం ఎప్పుడు చేరుతుంది, ఎప్పుడు చేరదు, చేరినా ఎప్పుడు పనికిరాకుండా పోతుంది అన్న ఇంగితం ఆ వయసులో వంటబట్టినవాడికి జీవితాంతం పోదు.

రెండు యుద్ధాల మధ్య ఇరవై ఏళ్లను త్వరగా దాటేస్తాను, ఒక్క ఘట్టం తప్ప. 1921 చివర కెప్టెన్ అయ్యాడు, లండన్‌లోని నౌకాదళ ప్రధాన కార్యాలయమైన అడ్మిరాల్టీలో సిగ్నల్ విభాగానికి డైరెక్టర్‌గా చేశాడు, యుద్ధనౌకలకు నాయకత్వం వహించాడు. ఆ ఒక్క ఘట్టం 1931 సెప్టెంబరు నాటి ఇన్వర్‌గార్డన్ తిరుగుబాటు. ఆర్థిక మాంద్యం పేరుతో ప్రభుత్వం జీతాలు కోసింది. కోత అందరికీ ఒకేలా లేదు, పాత జీతం మీద ఉన్న సాధారణ నావికుడికి రోజుకు నాలుగు షిల్లింగులు వచ్చేది మూడుకు దిగింది. నాలుగో వంతు పోయిందన్నమాట. స్కాట్లండ్ తీరంలోని ఇన్వర్‌గార్డన్‌లో లంగరు వేసిన ఓడల నావికులు బయలుదేరడానికి నిరాకరించారు. దీని వెనుక కారణాలేమిటో విచారించే పని సోమర్విల్‌కూ, తరువాతి కాలంలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ వేటను నడిపిన జాన్ టోవీకీ అప్పగించారు. అదే ఏడాది డిసెంబరులో, తిరుగుబాటులో ముందున్న ఓడల్లో ఒకటైన నార్‌ఫోక్‌కే సోమర్విల్‌ను కెప్టెన్‌గా పంపారు. ఆ తరువాత పోర్ట్స్‌మత్‌లోని నావికుల బ్యారక్సు, అడ్మిరాల్టీలో సిబ్బంది సంక్షేమానికి సంబంధించిన డైరెక్టర్ పదవి కూడా అతనికే దక్కాయి. కింది నావికుడు ఏమనుకుంటున్నాడో అతనికి తెలుసుననే నమ్మకం పైవాళ్లకు కుదిరిందని దీన్నిబట్టి అర్థమవుతుంది. అతని నోరు కాస్త మోటు. పచ్చి హాస్యం, బూతు కలిసిన సిగ్నళ్లు పంపేవాడు. నావికులు వాటిని చెప్పుకొని నవ్వుకునేవారు.

స్పెయిన్ అంతర్యుద్ధం కాలంలో మధ్యధరా సముద్రంలో డిస్ట్రాయర్ దళాలను నడిపి, 1938లో ఈస్ట్ ఇండీస్ స్టేషన్‌కు అధిపతిగా వచ్చాడు. సింహళ ద్వీపం, మాల్దీవులు, భారత తీరం అన్నీ ఆ స్టేషన్ కిందికే వస్తాయి. హిందూ మహాసముద్రం అతనికి 1942లో కొత్త కాదన్నది గుర్తుపెట్టుకోదగ్గ విషయం. అయితే 1939లో క్షయ అనే అనుమానంతో వైద్యులు అతన్ని ఇంటికి పంపించారు. జబ్బు లేదని బయటి నిపుణులు చెప్పినా నౌకాదళ వైద్యమండలి ఒప్పుకోలేదు. యుద్ధం ఇంకొద్ది నెలల్లో రాబోతుండగా, అతన్ని విరమణ జాబితాలో చేర్చారు. కాబట్టి ఇక్కడి నుంచి నేను చెప్పబోయేదంతా కాగితాల ప్రకారం రిటైరైన అధికారి చేసిన పని. అతన్ని మళ్లీ పూర్తిస్థాయి సర్వీసు జాబితాలోకి తీసుకున్నది 1944లోనే.

యుద్ధం రాగానే అడ్మిరాల్టీ అతన్ని పిలిచి రాడార్ పని అప్పగించింది. 1938లో బ్రిటిష్ నౌకాదళంలో రాడార్ అమర్చిన ఓడలు రెండే రెండు, రాడ్నీ, షెఫీల్డ్. ప్రయోగశాలకూ కర్మాగారానికీ ఓడకూ మధ్య పరుగులు తీసి ఆ సంఖ్యను పెంచడంలో సోమర్విల్‌ది పెద్ద చెయ్యి. 1940 మే నెలాఖరున డన్‌కర్క్ నుంచి సైన్యాన్ని తరలిస్తున్నప్పుడు డోవర్‌లో అడ్మిరల్ రామ్సేకు తోడుగా వెళ్లి, రామ్సే కునుకు తీసే వేళల్లో ఆ బాధ్యతను తాను మోశాడు. మొత్తం 3,38,226 మంది అలా బయటపడ్డారు. ఆ పని ముగిసిన మూడు వారాలకే జిబ్రాల్టర్‌లో కొత్తగా ఏర్పరచిన ఫోర్స్ హెచ్ అనే దళానికి అతన్ని అధిపతిని చేశారు. మొదటి పనిగా అతనికి అప్పజెప్పింది నిన్నటిదాకా మిత్రులైన ఫ్రెంచివాళ్లను.

ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. దాని నౌకాదళంలోని బలమైన ఓడలు కొన్ని అల్జీరియా తీరంలో ఓరాన్ పక్కనున్న మెర్స్ ఎల్ కబీర్ రేవులో ఉన్నాయి. అవి జర్మనీ చేతిలో పడితే మధ్యధరా పోతుంది, అట్లాంటిక్ కూడా చిక్కుల్లో పడుతుంది అన్నది చర్చిల్ మంత్రివర్గం భయం. ఫ్రెంచి నౌకాధిపతి దార్లాన్ అలా పడనివ్వనని మాట ఇచ్చాడు, ఆ మాట మీద నమ్మకం ఉంచడానికి లండన్ సిద్ధంగా లేదు. తమతో కలిసి పోరాడాలి, లేదా సిబ్బందిని తగ్గించుకొని బ్రిటిష్ రేవుకు రావాలి, లేదా వెస్టిండీస్‌లోని ఫ్రెంచి రేవుకు వెళ్లి నిరాయుధం కావాలి, ఇవేవీ కాకపోతే ఆరు గంటల్లో తమ ఓడలను తామే ముంచుకోవాలి. దేనికీ ఒప్పుకోకపోతే కాల్చివేయాలి. ఇదీ సోమర్విల్‌కు అందిన ఆజ్ఞ. జిబ్రాల్టర్‌లోని సీనియర్ అధికారులతో మాట్లాడి, కాల్పులు వద్దని, అలా చేస్తే ఫ్రెంచివాళ్లంతా శత్రువులవుతారని అతడు తంతి పంపాడు. ప్రభుత్వం దృఢ నిశ్చయంతో ఉందని జవాబు వచ్చింది.

1940 జులై 3న రోజంతా రాయబారం నడిచింది. రాయబారిగా వెళ్లిన కెప్టెన్ సెడ్రిక్ హాలండ్ అంతకు ముందు పారిస్‌లో నౌకాదళ ప్రతినిధిగా పనిచేసినవాడు. ఫ్రెంచి బాగా వచ్చు. ఫ్రెంచి అడ్మిరల్ జాన్సూల్ తన స్థాయికి తక్కువైన ఒక కెప్టెన్‌తో మాట్లాడటం నామోషీ అనుకొని మొదట కలవనే లేదు. తన పైవాళ్లకు పంపిన తొలి సందేశంలో వెస్టిండీస్ వెళ్లే దారి ఒకటుందన్న సంగతి రాయలేదు. సందేశాల మీద బతికిన నాలాంటివాడికి ఆ రోజు జరిగినదానిలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బహుశా ప్రాణాలు దక్కే దారి ఒకటి ఆ తంతిలో చోటు చేసుకోలేదు. ఈలోగా ఫ్రెంచి అధికారులు మిగిలిన ఓడలను సాయానికి రమ్మన్న సందేశం బ్రిటిష్‌వాళ్లకు దొరికింది. త్వరగా ముగించు, లేకపోతే అదనపు బలాలతో తలపడవలసి వస్తుందని లండన్ హెచ్చరించింది. గడువును ఒకటికి రెండుసార్లు పొడిగించిన సోమర్విల్ సాయంత్రం ఆరు కావస్తుండగా కాల్పులకు ఆజ్ఞ ఇచ్చాడు. పది నిమిషాల్లో బ్రెతాన్ అనే యుద్ధనౌక పేలి తలకిందులైంది. మొత్తం 1,297 మంది ఫ్రెంచి నావికులు చనిపోయారు. స్ట్రాస్‌బూర్ అనే యుద్ధనౌక తప్పించుకొని ఫ్రాన్సులోని తూలాన్ రేవు చేరింది.

సోమర్విల్ తన భార్యకు రాసిన ఉత్తరాల్లో దీన్ని ఈ కాలపు పెద్ద రాజకీయ తప్పిదంగా చెప్పుకొని సిగ్గుపడ్డాడు. ఆ రోజుల్లోనే అలెగ్జాండ్రియాలో అడ్మిరల్ కన్నింగ్‌హామ్ అక్కడి ఫ్రెంచి దళంతో నింపాదిగా మాట్లాడి, ఒక్క గుండు పేలకుండా ఓడలను నిరాయుధం చేయించాడు. ఇద్దరినీ పోల్చి సోమర్విల్‌ను తక్కువ చేసేవారున్నారు. కన్నింగ్‌హామ్ ఎదుట ఉన్న ఫ్రెంచి దళం అతని సొంత రేవులోనే, అతని ఫిరంగుల మధ్యే లంగరు వేసి ఉంది. కాలం అతని పక్షాన ఉంది. సోమర్విల్ శత్రువు కాబోయేవాడి రేవు బయట, జలాంతర్గాములు తిరగగల నీళ్లలో, పొద్దు వాలుతుండగా నిలబడి ఉన్నాడు. ఈ తేడాను మరిచి తీర్పు చెప్పడం న్యాయం కాదు. దార్లాన్ ఇచ్చిన మాట సంగతి కూడా చెప్పాలి: 1942 నవంబరు 27న జర్మన్లు తూలాన్‌లోకి వచ్చినప్పుడు ఫ్రెంచివాళ్లు తమ ఓడలను తామే ముంచుకున్నారు.

1940 నవంబరు 27న సార్డీనియా దక్షిణాన స్పార్తివెంతో అగ్రం దగ్గర అతనికి ఇటలీ నౌకాదళం ఎదురైంది. మాల్టా, అలెగ్జాండ్రియాల వైపు పోతున్న సరుకు ఓడలను కాపాడటం అతని పని. ఇటలీ ఓడలు వేగంగా వెనక్కి మళ్లాయి; కొంతదూరం తరిమి, అందుకోలేమని తేలగానే సోమర్విల్ తన సరుకు ఓడల దగ్గరికి తిరిగి వచ్చాడు. అతడు జిబ్రాల్టర్ చేరకముందే, ఎందుకు తరమలేదో తేల్చడానికి లండన్ ఒక విచారణ సంఘాన్ని పంపింది. నౌకాదళమంతా దీన్ని అవమానంగా భావించింది. లార్డ్ కార్క్ ఆధ్వర్యంలోని ఆ సంఘం అతని నిర్ణయం సరైనదేనని తేల్చింది. నాకు ఈ చిన్న సంఘటన ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. లక్ష్యం సరుకు ఓడలు. శత్రువు పారిపోతుంటే కలిగే ఉత్సాహం లక్ష్యం కాదు. ఈ లెక్కనే అతడు 1942లో మళ్లీ వేశాడు.

1941 ఫిబ్రవరి 9న జెనోవా రేవు మీద కాల్పులు జరిపాడు. అప్పుడు మలాయా అనే యుద్ధనౌక పేల్చిన 15 అంగుళాల గుండు ఒకటి అక్కడి కేథడ్రల్‌లో పడి పేలలేదు. ఇప్పటికీ అక్కడే ప్రదర్శనలో ఉంది. ఆ మే నెలలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ హుడ్‌ను ముంచి 1,415 మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఫోర్స్ హెచ్ ఉత్తరంగా పరుగెత్తింది. హుడ్ ఒకప్పుడు సోమర్విల్ జెండా ఎగిరిన ఓడ. మే 26న బిస్మార్క్ జాడ దొరికాక, దాన్ని కనిపెట్టి ఉండమని సోమర్విల్ షెఫీల్డ్‌ను ముందుకు పంపాడు. ఆ సంగతిని ఆర్క్ రాయల్ అనే విమానవాహక నౌకకు సంకేతలిపిలో తెలిపారు. అక్కడ ఆ సందేశాన్ని విప్పి చదివేలోగా టార్పెడో విమానాలు బయలుదేరిపోయాయి. మబ్బుల్లోంచి కిందికి దిగిన వైమానికులు షెఫీల్డ్‌నే బిస్మార్క్ అనుకొని దాడి చేశారు. టార్పెడోలలోని అయస్కాంత పేలుడు యంత్రాలు సరిగా పనిచేయక కొన్ని ముందే పేలాయి, మిగిలినవాటిని షెఫీల్డ్ తప్పించుకుంది. ఆ పొరపాటు వల్ల ఒక మేలు జరిగింది: సాయంత్రం రెండో దాడికి తగిలితే పేలే పాత రకం యంత్రాలు అమర్చారు. వాటిలో ఒక టార్పెడో బిస్మార్క్ చుక్కానిని బిగుసుకుపోయేలా చేసింది. మర్నాడు ఆ ఓడ మునిగింది. సిగ్నల్ శిక్షణలో, సందేశం పంపడమూ అది అందడమూ ఒకటి కావని చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక మన తీరం సంగతి. 1941 డిసెంబరు 10న ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు గొప్ప ఓడలను జపాను విమానాలు మలయా దగ్గర ముంచేశాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. మార్చి 8న రంగూన్ పడిపోయింది. తెలుగు జిల్లాల నుంచి రేవు పనికీ మిల్లు పనికీ తరాలుగా రంగూన్ వెళ్లినవాళ్లు ఓడ దొరికితే ఓడలో, దొరకకపోతే అడవుల వెంట నడిచి తిరిగి వస్తున్న రోజులవి. ఆ పరిస్థితిలో మార్చి చివరివారంలో సోమర్విల్ కొలంబో వచ్చి తూర్పు నౌకాదళ బాధ్యత తీసుకున్నాడు. కాగితం మీద అది పెద్ద దళమే: ఐదు యుద్ధనౌకలు, మూడు విమానవాహక నౌకలు. కాని ఆ ఐదింటిలో వార్‌స్పైట్ ఒక్కటే ఆధునికీకరించినది. మిగిలిన నాలుగూ మొదటి యుద్ధకాలపు ఓడలు. నెమ్మదిగా నడుస్తాయి, ఎక్కువ దూరం పోలేవు, వాటిలో మంచినీళ్లు కూడా త్వరగా అయిపోయేవి. విమానవాహక నౌకల్లో హెర్మిస్ చిన్నది, పాతది. మిగిలిన రెంటిలోనూ కలిపి వంద విమానాలు లేవు. ఎదురుగా వస్తున్న జపాను అడ్మిరల్ నగుమో దళంలో ఐదు విమానవాహక నౌకలు, సుమారు మూడువందల విమానాలు, వాటిని నడిపేది పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన అనుభవజ్ఞులు.

కొలంబోలోని సంకేతలిపి నిపుణులు జపాను సందేశాలను ఛేదించి, ఏప్రిల్ 1 ప్రాంతంలో సింహళం మీద దాడి జరుగుతుందని చెప్పారు. సోమర్విల్ తన దళాన్ని ద్వీపానికి దక్షిణంగా మోహరించి ఎదురు చూశాడు. అతని ఆలోచన ఇది: పగలు జపాను విమానాల దూరానికి అవతల ఉండాలి, రాత్రి దగ్గరికి జరిగి, రాడార్ అమర్చిన ఆల్బకోర్ విమానాలతో టార్పెడో దాడి చేయాలి. చీకట్లో చూడగల కన్ను అతని దగ్గర ఉంది, నగుమో దగ్గర లేదు. రాడార్ శాఖలో పనిచేసిన అడ్మిరల్‌కే తట్టే ఎత్తు ఇది. అయితే మూడు రోజులు గడిచినా శత్రువు రాలేదు. ఓడల్లో నీళ్లూ ఇంధనమూ తగ్గిపోయాయి. ఏప్రిల్ 2 రాత్రి అతడు మాల్దీవుల దక్షిణ కొసన అడ్డు అనే వలయద్వీపంలోని రహస్య స్థావరానికి బయలుదేరాడు. సమాచారం తప్పనుకొని డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే క్రూయిజర్లను కొలంబోకూ, హెర్మిస్‌ను తిరుకోణమలైకీ పంపేశాడు. సమాచారం తప్పు కాదు, తేదీ మాత్రమే జారింది. కొన్నాళ్లపాటు సందేశాలతో పనిచేసినవాడెవడైనా తేదీ జారినంత మాత్రాన సమాచారాన్ని కొట్టిపారెయ్యకూడదు. ఈ విషయంలో నేను సోమర్విల్‌ను వెనకేసుకురాను. దళాన్ని అప్పుడు విడగొట్టడం అతని తప్పే.

ఏప్రిల్ 4న కెనడా వైమానికుడు బర్చల్ నడిపిన కేటలీనా అనే నిఘా విమానం నగుమో దళాన్ని చూసి సందేశం పంపుతుండగానే కూలిపోయింది. ఆ సందేశం కొలంబోకు హెచ్చరికగా పనికివచ్చింది. మర్నాడు ఈస్టర్ ఆదివారం. ఉదయం కొలంబో మీద దాడి జరిగింది. రేవులోని చాలా ఓడలను ముందే బయటికి పంపేయడంతో నష్టం తగ్గింది. కాని సోమర్విల్‌ను కలుసుకోవడానికి దక్షిణంగా వస్తున్న ఆ రెండు క్రూయిజర్లను జపాను విమానాలు మధ్యాహ్నం పట్టుకొని సుమారు ఇరవై నిమిషాల్లో ముంచేశాయి. 424 మంది చనిపోయారు. బతికిన 1,122 మంది దాదాపు ముప్పై గంటలు నీళ్లలో, చమురు తెట్టులో గడిపారు. ఏప్రిల్ 6 సాయంత్రం సోమర్విల్ పంపిన ఎంటర్‌ప్రైజ్ అనే క్రూయిజరు, రెండు డిస్ట్రాయర్లు వాళ్లను ఎక్కించుకున్నాయి.

విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడింది ఆ రోజే. వాటిని వేసింది నగుమో దళం కాదు. అడ్మిరల్ ఒజావా నడిపిన వేరొక దళం మలక్కా వైపు నుంచి బంగాళాఖాతంలోకి వచ్చి, ఒరిస్సా, ఆంధ్ర తీరాల వెంట పోతున్న సరుకు ఓడలను వేటాడింది. కొద్దిరోజుల్లో ఇరవైకి పైగా ఓడలు మునిగాయి. ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలే మన రెండు రేవుల మీదికి వచ్చాయి. విశాఖ రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లయినా కాలేదు, సింధియా ఓడల కర్మాగారానికి శంకుస్థాపన జరిగి ఏడాది కాలేదు. పడిన బాంబులు కొద్దివే; వాటికన్నా భయం ఎన్నో రెట్లు పెద్దది. ఊళ్లు ఖాళీ అయ్యాయి, మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు లోపలి జిల్లాలకు తరలిపోయాయి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు మారింది. తెల్లదొరలు మనల్ని వదిలి పోయారనే మాట పుట్టింది ఆ రోజుల్లోనే.

సోమర్విల్ వచ్చి ఉంటే? అడ్డు నుంచి విశాఖ సూటిగా కొలిస్తేనే దాదాపు 1,250 నాటికల్ మైళ్లు. పాత యుద్ధనౌకల వేగంతో మూడు రోజుల ప్రయాణం. ఆ దారి చాలాభాగం నగుమో విమానాలకు అందే దూరంలోంచే పోతుంది. ఏప్రిల్ 9న తిరుకోణమలై దగ్గర హెర్మిస్‌కు ఏమైందో చూస్తే చాలు: రక్షణకు విమానాలు లేకుండా దొరికిన ఆ ఓడ 307 మందితో మునిగింది. ఆ నాలుగు పాత యుద్ధనౌకలకు కూడా అదే గతి పట్టేది, వాటిలో మనుషులు అంతకన్నా ఎక్కువ. నిజానికి ఏప్రిల్ 5 సాయంత్రం సోమర్విల్ తన వేగమైన ఓడలతో నగుమోను వెతుక్కుంటూ ప్రమాదకరమైనంత దగ్గరికి వెళ్లాడు. జపాను నిఘా విమానం కన్ను అటు పడకపోవడం అతని అదృష్టం. పారిపోయాడనేవారు ఈ భాగాన్ని వదిలేస్తారు. శత్రుబలం ఎంతో సరిగ్గా తెలిశాక అతడు నెమ్మది ఓడలను ఆఫ్రికా తీరంలో మొంబాసా పక్కనున్న కిలిందినికీ, మిగిలినవాటిని బొంబాయికీ పంపేశాడు. మన కోస్తా ప్రజలకు కలిగిన కష్టాన్ని ఇది తగ్గించదు. అయితే పశ్చిమాసియాకు సైన్యమూ సరుకూ, ఇరాన్‌లోని అబదాన్ నుంచి చమురూ నడిచే అరేబియా సముద్రపు దారిని కాపాడటానికి ఆ దళం ఉందంటే చాలు. ఉన్న దళాన్ని పోగొట్టుకుంటే ఆ దారిని కాపాడే ఓడలు మరి లేవు. జపానుకు అక్కడే నిలిచే పథకం లేకపోవడంతో నగుమో ఏప్రిల్ రెండో వారానికల్లా వెనక్కి పోయాడు. సింహళం మీదికి వచ్చిన అతని ఐదు విమానవాహక నౌకల్లో మూడు జూన్‌లో మిడ్వే దగ్గర మునిగాయి. ర్యూజో ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర అమెరికా విమానాలకు బలైంది.

మీ చివరి ప్రశ్న శిక్ష గురించి. శిక్ష పడలేదు. చర్చిల్‌కు అతని మీద విసుగు కలిగిన సందర్భాలున్నా, సోమర్విల్ తూర్పు నౌకాదళానికి ఇంకో రెండేళ్లకు పైగా అధిపతిగానే ఉన్నాడు. మంచి ఓడలను మధ్యధరాకూ ఇతర చోట్లకూ తీసేసుకుంటే మిగిలినవాటితో నెట్టుకొచ్చాడు. 1943 చివర తిరిగి సింహళం చేరి, 1944 ఏప్రిల్ 19న సుమత్రా కొసన ఉన్న సబాంగ్ మీదా, మే 17న జావాలోని సురబాయా మీదా దాడులు చేయించాడు. అమెరికా విమానవాహక నౌక సారటోగా ఆ రెంటిలోనూ అతనితో ఉంది. జులై 25న సబాంగ్‌ను యుద్ధనౌకల ఫిరంగులతోనే కొట్టాడు. ఆ వరుసలో రిషెలియూ అనే ఫ్రెంచి యుద్ధనౌక ఉంది. మెర్స్ ఎల్ కబీర్ జరిగిన ఐదో రోజున, 1940 జులై 8న, డకార్ రేవులో ఆ ఓడ మీద టార్పెడో దాడి చేసినవి హెర్మిస్ విమానాలు. నాలుగేళ్ల తరువాత ఆ ఓడ సోమర్విల్ ఆజ్ఞల కింద కాల్పులు జరిపింది. ఆ సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అతన్ని అక్కడి నుంచి కదిలించింది జపాను కాదు, మౌంట్‌బాటన్. ఆగ్నేయాసియా సర్వసేనానిగా వచ్చిన మౌంట్‌బాటన్ వయసులోనూ అనుభవంలోనూ సోమర్విల్ కన్నా చాలా చిన్నవాడు. తూర్పు నౌకాదళం మొత్తం తన చెప్పుచేతల్లో ఉండాలన్నాడు. సైన్యాన్ని ఒడ్డున దింపే పనుల వరకే అది వర్తిస్తుందని, మిగతా సముద్ర యుద్ధంలో తాను అడ్మిరాల్టీకే జవాబుదారినని సోమర్విల్ పట్టుపట్టాడు. కాగితం మీద సోమర్విల్ వాదనకు బలముంది. కాని ఇద్దరూ ఒకే చోట ఇమడలేరని తేలిపోయింది. 1944 ఆగస్టులో అడ్మిరల్ బ్రూస్ ఫ్రేజర్ అతని స్థానంలోకి వచ్చాడు.

అక్టోబరులో సోమర్విల్‌ను బ్రిటిష్ నౌకాదళ ప్రతినిధివర్గానికి అధిపతిగా వాషింగ్టన్ పంపారు. అమెరికా నౌకాధిపతి అడ్మిరల్ కింగ్ బ్రిటిష్‌వాళ్లంటే కస్సుమనేవాడని ప్రతీతి. మోటు నోరున్న సోమర్విల్ అతనితో సరిపడ్డాడు, బహుశా ఆ మోటుతనం వల్లే. 1945 మే 8న, ఐరోపాలో యుద్ధం ముగిసిన రోజున, అతనికి అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ హోదా ఇచ్చారు. బ్రిటిష్ నౌకాదళంలో అంతకన్నా పై మెట్టు లేదు. ఆరేళ్ల క్రితం ఆరోగ్యం బాగాలేదని ఇంటికి పంపిన మనిషికి ఆ హోదా దక్కింది. 1945 డిసెంబరు దాకా వాషింగ్టన్‌లో పనిచేసి, 1946లో సోమర్సెట్ జిల్లాకు లార్డ్ లెఫ్టినెంట్, అంటే అక్కడ రాజు ప్రతినిధి, అయ్యాడు. 1949 మార్చి 19న డిండర్‌లోని సొంత ఇంట్లో కన్నుమూశాడు.